అండమాన్‌లో విదేశీయుల నిక్కచ్చి మాట, దీవివాసుల పాత గోడు

అండమాన్ నికోబార్ దీవులను గురించి విదేశీయులు అభిప్రాయాలు వెలిబుచ్చడం కొత్త కాదు. పదమూడవ శతాబ్దపు యాత్రికుడు మార్కో పోలో ఈ దీవులవాసుల తలలు కుక్క తలలను పోలి ఉంటాయని చెప్పాడు. 1890లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ నవలలో ఆర్థర్ కోనన్ డోయల్ ఒక అండమాన్ ఆదివాసిని విషపు ముల్లులను గొట్టంతో ఊది మనుషులను చంపే క్రూరుడిగా చిత్రించాడు. అండమాన్ ఆదివాసులకు అటువంటి ఆయుధమే లేదు. డోయల్ దీవులలో అడుగుపెట్టి ఎరుగడు. మార్కో పోలో చూసి చెప్పాడనడానికీ ఆధారం లేదు.

ఇప్పుడు వచ్చే విదేశీయుల సంగతి వేరు. వారు రేవులో టికెట్టు కోసం వరుసలో నిలబడి, కిక్కిరిసిన బస్సులో ప్రయాణించి, కాకా హోటళ్లలో చేపల పులుసు తిని, కరెంటు పోయిన రాత్రి లాడ్జీ వరండాలో దోమలు తోలుకొని, ఆపైన మనసులోని మాటను దాపరికం లేకుండా చెబుతున్నారు. అందులో పొగడ్త ఉంది, విసుగు ఉంది, అక్కడక్కడ అమాయకత్వమూ ఉంది. పర్యాటకం మీద ఆశలు పెట్టుకున్న పాలనా యంత్రాంగానికి ఈ మాటలు త్వరగానే చెవిన పడుతున్నాయి. ఇవే మాటలను దీవివాసులు దశాబ్దాలుగా చెబుతున్నప్పుడు ఇంతటి శ్రద్ధ ఎందుకు కనబడలేదన్నది అడగవలసిన ప్రశ్న.

సంఖ్యాపరంగా చూస్తే విదేశీయులు అత్యల్పం. కోవిడ్‌కు ముందు సంవత్సరాలలో దీవులకు ఏటా వచ్చిన పర్యాటకులు ఐదు లక్షలకు దరిదాపులో ఉండగా, వారిలో విదేశీయులు నూటికి ముగ్గురు నలుగురికి మించలేదు. మిగిలినవారంతా స్వదేశీయులే. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ కింద అండమాన్‌కు విమానంలో వెళ్లే వెసులుబాటు కల్పించడం కూడా ఈ తాకిడికి ఒక కారణం. అయినా విదేశీయుడి మాటకు విలువ ఎక్కువ. అతడు మూడు రోజుల ప్యాకేజీలో రాడు. రెండు మూడు వారాలు ఉంటాడు. పెద్ద హోటళ్ల కంటే వెదురు గుడిసెలలోను, చిన్న బసలలోను దిగుతాడు. సముద్రం అడుగుకు దిగి పగడపు దిబ్బలను చూసే డైవింగ్ వ్యాపారానికి తొలినాళ్లలో అతడే ఆదరువు.

అతడిని రప్పించడానికి కేంద్రం చేసిన ప్రయత్నాలు తక్కువేమీ కాదు. 1963 నాటి విదేశీయుల నియంత్రిత ప్రాంతాల ఉత్తర్వు ప్రకారం దీవులకు వచ్చే ప్రతి విదేశీయుడూ ప్రత్యేక అనుమతి పత్రం తీసుకోవలసి ఉండేది. దిగగానే ఆ కాగితం రాయించుకొని, ముప్పై రోజులూ దానిని జేబులో పెట్టుకొని తిరగవలసి వచ్చేది. 2018లో సుమారు ముప్పై దీవులను ఈ నిబంధన నుంచి మినహాయించారు. చైనా, పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్ దేశస్థులకు ఈ మినహాయింపు ఇవ్వలేదు. 2023 జులైలో పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయానికి ఏటా 50 లక్షల మంది ప్రయాణికులు పట్టే కొత్త భవనాన్ని ప్రారంభించారు. 2024 నవంబరులో ఎయిర్ ఏషియా సంస్థ కౌలాలంపూర్ నుంచి నేరుగా విమానం నడపడం మొదలుపెట్టింది. పక్కనే ఉన్న థాయిలాండ్‌కు 2019లో దాదాపు నాలుగు కోట్ల మంది విదేశీయులు వచ్చారన్న లెక్క ఢిల్లీ అధికారుల కళ్ల ముందు ఆడుతూ ఉంటుంది. అంతమంది వస్తే మంచినీళ్లకే కటకటలాడే దీవులు ఏమైపోతాయన్నది ఆ లెక్కలో చేరని సంగతి.

ఇంతకూ విదేశీయులు మెచ్చుకొనేది దేనిని? మొదటిది నిర్భయం. స్త్రీలు ఒంటరిగా రాత్రిపూట రేవు నుంచి బసకు నడచిపోగలగడం, వెంటబడి వేధించే దళారులు మిగతా దేశంలోని యాత్రాస్థలాలలో కంటే తక్కువగా ఉండడం దాదాపు అందరూ చెప్పే మాట. రెండవది జనం. బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళ కుటుంబాలు, శిక్ష పడి వచ్చిన ఖైదీల సంతతివారు, రాంచీ ప్రాంతం నుంచి వచ్చిన కూలీలు ఒకే వీధిలో ఉంటూ హిందుస్తానీలో మాట్లాడుకోవడం వారికి వింతగా తోస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనం 3,80,581 మంది కాగా, నూటికి పదమూడుగురు తెలుగువారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరలివెళ్లిన మత్స్యకారులు వీరిలో ఎక్కువ. విదేశీయుడు హోటల్లో మెచ్చుకొనే చేప చాలావరకు వీరి వలలో పడిందే.

ఈ పొగడ్తలలో చాలా భాగం సర్కారు ఖర్చుతో సమకూరినది కాదు. నిబంధన వల్ల వచ్చిన మంచిపేరు కూడా లేకపోలేదు. వండూరు దగ్గరి సముద్ర జాతీయ పార్కులోని జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ తీసుకొనిపోవడాన్ని నిషేధించారు. నీళ్ల సీసాకు ముందుగా ధరావతు కట్టించుకొని, తిరిగి తెచ్చి చూపినప్పుడే సొమ్ము వాపసిచ్చే పద్ధతిని పెట్టారు. ఆ పార్కులోని రెండు దీవులను వంతులవారీగా మూసి పగడాలకు విరామం ఇవ్వడం కూడా మంచి ఏర్పాటే. గట్టిగా అమలు చేసిన నియమాన్ని విదేశీయులు తప్పుపట్టడం లేదని, అమలులో లేని నియమాన్నే ఎత్తిచూపుతున్నారని అధికారులు గమనించవలసి ఉంది.

ఇక ఫిర్యాదులలో అగ్రస్థానం ఓడ ప్రయాణానిది. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. హేవ్‌లాక్, నీల్ దీవులు 2018 డిసెంబరులోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి. మార్పు వెనుక ఉద్దేశాన్ని ఎవరూ కాదనరు. టికెట్టు మీద ఒక పేరు, చేతిలోని పాత పటం మీద మరొక పేరు, పడవవాడి నోట మూడవ రకం ఉచ్చారణ ఉన్నప్పుడు కొత్తవాడు తికమకపడడం మాత్రం సహజం. అది చిన్న ఇబ్బంది. పెద్ద ఇబ్బంది టికెట్టు దొరకడం. ప్రభుత్వ నౌకారవాణా శాఖ నడిపే పడవలకు ఏళ్ల తరబడి ఫీనిక్స్ బే రేవులోని కిటికీ దగ్గర నిలబడితే తప్ప టికెట్టు వచ్చేది కాదు. ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక కూడా రద్దీ రోజులలో పడవ నిండిపోయిందన్న జవాబే ఎదురవుతుంది. వాతావరణం బాగుండకపోతే పడవ రద్దు. ఎప్పుడు మళ్లీ నడుస్తుందో చెప్పే బోర్డు ఉండదు, చెప్పే మనిషీ ఉండడు. గాలివాన రోజుల్లో పడవ ఆపడాన్ని ఏ విదేశీయుడూ ఆక్షేపించడు. ఆపిన సంగతి చెప్పకపోవడాన్నే అతడు ఆక్షేపిస్తున్నాడు.

2016 డిసెంబరులో తుపాను పట్టినప్పుడు హేవ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం, తీర రక్షక దళం కలసి వారిని ఒడ్డుకు చేర్చిన తీరు ప్రశంసలు పొందింది. దేశమంతటా పత్రికలు రోజుల తరబడి రాశాయి. అదే సమయంలో ఆ దీవుల మీదే ఉన్న స్థానికుల గురించి వచ్చిన వార్తలు అతి స్వల్పం. వారికి చిక్కుకుపోవడం ఏటా రుతుపవనాల కాలంలో మామూలే కనుక అది వార్త కాలేదు కాబోలు.

పర్యాటకుల ఫిర్యాదుకు మార్కెట్టు ఒక పరిష్కారం చూపింది. 2010 ప్రాంతం నుంచి ప్రైవేటు వేగనౌకలు వచ్చాయి. ప్రభుత్వ పడవ రెండున్నర గంటలలో చేర్చే హేవ్‌లాక్‌కు ఇవి గంటన్నరలో చేరుస్తాయి. చల్లని గది, మెత్తని కుర్చీ, ముందుగానే ఖాయమైన టికెట్టు ఉంటాయి. ఛార్జీ ఎన్నో రెట్లు అధికం. విదేశీయులలో కొందరు దీనిని కూడా తప్పుపడుతున్నారు. కిటికీలు బిగించిన గదిలో కూర్చోబెట్టి సముద్రమే కనపడకుండా తీసుకుపోతారని, పాత పడవ డెక్కు మీద నిలబడితే ఎగిరే చేపలు కనబడేవని వారి బాధ. ఆ సంగతి అలా ఉంచితే, స్తోమత కలవారు వేగనౌక ఎక్కిన తరువాత సర్కారీ పడవను గురించి గట్టిగా అడిగే గొంతు తగ్గిపోయింది. పర్యాటక సమస్య తీరినట్లు లెక్క రాసుకున్నారు. రవాణా సమస్య తీరలేదు.

ఐలాండర్ కార్డు ఉన్న దీవివాసికి ప్రభుత్వ పడవలో ఛార్జీ తక్కువ. ఇది న్యాయమైన ఏర్పాటు. విదేశీయులు కొందరు ఈ రెండు ధరల పద్ధతిని పట్టుకొని, తమను పాడి ఆవులుగా చూస్తున్నారని చిరాకుపడుతుంటారు. తాజ్ మహల్ ప్రవేశానికి భారతీయుడి దగ్గర 50 రూపాయలు, విదేశీయుడి దగ్గర 1,100 రూపాయలు పుచ్చుకొంటున్న దేశంలో ఆ అనుమానం రావడం వింత కాదు. చైనా మరింత దూరం వెళ్లింది. 1980లో విదేశీయుల కోసం ప్రత్యేకమైన మారకపు నోట్లనే అచ్చువేసి, మంచి సరుకు అమ్మే దుకాణాలలో అవే చెల్లేట్లు చేసి, 1990ల నడుమ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. అయితే దీవుల పడవ సంగతి వీటికి భిన్నం. అక్కడ హైదరాబాదు నుంచి వెళ్లినవాడు కూడా బయటివాడే. ఆ పడవ ఒకరికి విహారం, మరొకరికి ఆసుపత్రి దారి, పరీక్షకు పోయే దారి, కూరగాయలు వచ్చే దారి. విదేశీయుడి నిక్కచ్చి మాట పొరబడే తావులలో ఇదొకటి.

ఆసుపత్రి మాట వచ్చింది కనుక చెప్పుకోవలసిన సంగతి ఉంది. కాలికి పగడం కోసుకొనో, జ్వరం వచ్చో చిన్న దీవుల ఆరోగ్య కేంద్రానికి వెళ్లిన విదేశీయులు అక్కడి డాక్టర్ల ఓర్పును, దాదాపు ఉచితంగా అందిన చికిత్సను మెచ్చుకొంటారు. జబ్బు కాస్త ముదిరితే మాత్రం పోర్ట్‌బ్లెయిర్‌లోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రే దిక్కు. అక్కడా కాకపోతే చెన్నై. 2015లో వైద్య కళాశాల ఏర్పడడం పెద్ద ముందడుగే అయినా, నికోబార్ దీవులలోని గర్భిణికి ఇప్పటికీ హెలికాప్టరు, వాతావరణం రెండూ అనుకూలించాలి. విదేశీయుడికి బీమా కంపెనీ విమానం పంపుతుంది. కమోర్తా మత్స్యకారుడికి బీమా కంపెనీ లేదు. అతడి పేరు హెలికాప్టరు జాబితాలో ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి కూడా ఒక పరిచయం కావాలి.

సమాచార సౌకర్యాలలో వచ్చిన మార్పు మాత్రం అంగీకరించదగినది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భం మీదుగా వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను ప్రధానమంత్రి ప్రారంభించారు. ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. అంతకు ముందు దీవులన్నీ ఉపగ్రహం మీద ఆధారపడి ఉండేవి. ఒక ఫోటో పంపడానికి అరగంట పట్టేదని విదేశీయులు నవ్వుకొనేవారు. కొందరికి ఆ నిదానమే హాయిగా ఉండేది. కేబుల్ వచ్చాక ప్రశాంతత పోయిందని వాపోయేవారు లేకపోలేదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోలేక ఉద్యోగం పోగొట్టుకున్న దీవి కుర్రవాడు ఈ విచారంలో పాలుపంచుకోడు. నగదు విషయంలో విదేశీయుల ఇబ్బంది నిజమైనదే. పెద్ద రేవు దాటితే నగదు యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో సొమ్ము ఉండే రోజులు ఇంకా తక్కువ. స్థానికులు కొబ్బరిబొండానికి కూడా ఫోనుతో చెల్లిస్తుండగా, విదేశీయుడు నోట్ల కోసం దేవులాడుకొంటాడు. 2023లో జి-20 సమావేశాల సందర్భంగా విదేశీ యాత్రికులకు యూపీఐ వాడుకొనే ఏర్పాటు మొదలుపెట్టారు గానీ, దాని సంగతి దీవికి వచ్చే సగటు విదేశీయుడికి చెప్పేవారు అరుదు. కరెంటుకు చాలావరకు డీజిలే ఆధారం. ఆ డీజిలు కూడా ఓడ మీదే రావాలి.

వినోదం విషయానికి వస్తే విదేశీయుల నిక్కచ్చితనం మరింత ముచ్చటగా ఉంటుంది. దీవులు దేశానికి తూర్పున ఎంతో దూరాన ఉన్నా గడియారం మాత్రం భారత ప్రామాణిక కాలాన్నే చూపుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటలకే పొద్దు వాలిపోతుంది. ఆపైన ఏమి చెయ్యాలి? పోర్ట్‌బ్లెయిర్‌లో దారి చూపేది సెల్యులార్ జైలులోని ధ్వని-కాంతి ప్రదర్శన. 1896 నుంచి 1906 వరకు కట్టిన ఆ జైలుకు మొదట ఏడు బారులు ఉండేవి, మూడే మిగిలాయి. అక్కడి రావిచెట్టు తాను చూసిన కథను చెబుతున్నట్లు ఆ ప్రదర్శనను రూపొందించారు. చాలాకాలం హిందీ ప్రదర్శనలే ఎక్కువగా ఉండి, ఆంగ్ల ప్రదర్శన వారంలో కొన్ని రోజులకే పరిమితమైంది. భాష తెలియకపోయినా చలించిపోయామని చెప్పిన విదేశీయులు ఉన్నారు. ప్రదర్శన సాగుతుండగా సెల్‌ఫోన్లు మోగడం, పిల్లలు పరుగెత్తడం చూసి నొచ్చుకున్నవారూ ఉన్నారు. ఆ నొచ్చుకోవడం సబబే.

పగటి వినోదాలలో నార్త్ బే, ఎలిఫెంట్ బీచ్‌ల వద్ద సాగే నీటి ఆటలపై విదేశీయుల విమర్శ తీవ్రంగా ఉంది. గుంపులు గుంపులుగా దింపుతారని, పగడాల మీద నిలబడి ఫోటోలు తీయిస్తారని, మోటారు పడవల రొద తప్ప మరేమీ వినబడదని వారి ఆరోపణ. సముద్రజలాలు వేడెక్కడం వల్ల 1998లోను, 2010లోను ఇక్కడి పగడాలు పెద్దఎత్తున పాలిపోయాయి. కోలుకొంటున్న దిబ్బల మీద కాలు పెట్టనివ్వడం పర్యాటకానికే చేటు. అంతకంటే ముఖ్యమైనది ప్రాణ భద్రత. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ సమీపంలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్న పర్యాటక పడవ మునిగి ఇరవై మందికి పైగా మరణించారు. మృతులలో అత్యధికులు తమిళనాడు నుంచి వచ్చినవారు. రక్షణ కవచాలు ఇవ్వలేదని, ఎంతమందిని ఎక్కిస్తారో అడిగేవారు లేరని విదేశీయులు చెబుతూ వచ్చిన మాటను అంతవరకు గొణుగుడుగా కొట్టివేశారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2010లో, హేవ్‌లాక్ సముద్రతీరంలో ఈదుతున్న ఒక అమెరికన్ యువతిని మొసలి పొట్టనపెట్టుకున్నది. ఆ తరువాతే తీరాలలో హెచ్చరిక పలకలు వెలిశాయి. ఉప్పునీటి మొసళ్లు కడవలలోను, వాగుల ముఖాలలోను తిరుగుతాయని దీవివాసులకు తాతల నాటి నుంచి తెలుసు. వారిని అడిగి పలకలు ముందే పాతి ఉండవచ్చు.

అయితే విదేశీయుడు అడిగినదల్లా సమకూర్చడం పర్యాటకం కాదు. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల అభయారణ్యం గుండా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలను వరుస కట్టించి పోలీసు కాపలాతో పంపుతారు. బారాటాంగ్ సున్నపురాతి గుహలు, బురద బుగ్గలు చూడడానికని చెప్పి, నిజానికి దారిలో జారవాలను చూడడానికి వెళ్లినవారు స్వదేశీయులలోను, విదేశీయులలోను ఉన్నారు. 2002లో సుప్రీంకోర్టు ఆ అభయారణ్యంలో రోడ్డును మూసివేయాలని ఆదేశించింది. పదేళ్ల తరువాత, 2012 జనవరిలో, జారవా స్త్రీలను తిండి ఆశచూపి ఆడించిన దృశ్యాలను ఒక బ్రిటిష్ పత్రిక బయటపెట్టేవరకు రోడ్డు మీద యథాప్రకారం వాహనాలు తిరిగాయి. తరువాత కూడా తిరిగాయి. ఒక విదేశీ పత్రిక బయటపెడితే గాని ఢిల్లీ కదలలేదు. మరొకవైపు, 2018 నవంబరులో చట్టాన్ని కాదని ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాడూ విదేశీయుడే. ఆ దీవికి వెళ్లడానికి అనుమతి లేదన్నది సేవాలోపం కాదు. సెంటినెలీస్ ప్రజలు ఎవరినీ పిలవలేదు.

ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లో గలతియా అఖాతం వద్ద ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం నిర్మించడానికి 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. పదుల వేల కోట్ల రూపాయల పథకమది. అంతర్జాతీయ స్థాయి సేవలు అన్న మాట అందులో పదేపదే వినబడుతుంది. దాని మంచిచెడ్డలు వేరే చర్చించవలసినంత పెద్దవి. ఇక్కడ చెప్పవలసినది స్వల్పం. విదేశీయులు ఇంతకాలంగా అడుగుతున్నవి వేల కోట్లతో ముడిపడినవి కావు: పడవ రద్దయితే ముందురోజు సాయంత్రానికే రేవులో రాసిపెట్టిన ప్రకటన, పడవ ఎక్కేముందు తల లెక్క, మొసలి తిరిగే చోట పలక, పనిచేసే నగదు యంత్రం, సినిమా హాలు కాకపోయినా సాయంత్రం కూర్చోవడానికి దీపాలున్న ఒక సముద్రపు గట్టు. వీటిలో విదేశీయుడి కోసం మాత్రమే చెయ్యవలసినది ఒక్కటీ లేదు. హేవ్‌లాక్ నుంచి కాయగూరలు అమ్ముకోవడానికి వచ్చే బెంగాలీ రైతుకు, జంగ్లీఘాట్‌లో వల బాగుచేసుకొనే తెలుగు జాలరికి కూడా కావలసినవి ఇవే.

విశాఖపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడలో రెండున్నర రోజుల దారి. నెలకు ఒకసారి నడవడమే ఆనవాయితీ. సోంపేట, భీమిలి ప్రాంతాల నుంచి తమవారిని చూడడానికి వెళ్లే ప్రయాణికుడు విశాఖ రేవులో బంకు క్లాసు టికెట్టు కోసం నిలబడినప్పుడు వేసే ప్రశ్న, ఫీనిక్స్ బేలో విదేశీయుడు వేసే ప్రశ్న ఒకటే: ఓడ ఎప్పుడు బయలుదేరుతుంది? మూడు నెలల పట్టికను ముందుగా ప్రచురించి, మార్పులుంటే ఫోనుకు కబురు పంపడానికి కేబుల్ ఉండనే ఉన్నది.